బోటనీ చదివి పురావస్తు శాస్త్రంలోకి రావచ్చా? శిక్షణ, ల్యాబ్ పని, జీతం గురించి చెప్పండి

యాగంటి_పిల్ల
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది నంద్యాల జిల్లా, బనగానపల్లె దగ్గర ఒక పల్లె. ఎమ్మెస్సీ బోటనీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. జ్వాలాపురం మాకు దగ్గరే. అక్కడ తెల్లగా పిండిలా ఉండే బూడిద తవ్వి ట్రాక్టర్లకు ఎత్తడం చిన్నప్పుడు చూశాను. ఇండోనేషియాలో టోబా అనే అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ళ కిందట పేలితే ఆ బూడిద గాల్లో వచ్చి మా జుర్రేరు లోయలో పడిందని డిగ్రీకి వచ్చాక తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఒకటే ఆలోచన. తవ్వకాల్లో దొరికే మాడిన గింజలు, ఆకుల ఆనవాళ్ళు చూసి పాతకాలం జనం ఏం పండించారో ఏం తిన్నారో చెప్పే పని ఉందట కదా, నాకు అది చేయాలని ఉంది. మా కాలేజీలో అడిగితే "అది హిస్టరీ వాళ్ళది, నీకెందుకు" అన్నారు. హిస్టరీ వాళ్ళని అడిగితే "సైన్స్ మాకు రాదమ్మా" అన్నారు. మా నాయన మాత్రం ఒక్కటే అడుగుతున్నాడు, ఉద్యోగం వస్తుందా అని.

ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎక్కడ నేర్చుకోవాలి? విదేశం పోకుండా కుదురుతుందా?

సంగనకల్లు_సుధ
ఆదివారం, రాత్రి 11:40

నీ పోస్టు చదివి ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాలేదు చెల్లీ. నేను పన్నెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. నేనూ బోటనీ నుంచే వచ్చాను.

పని ఎలా ఉంటుందో ముందు చెప్తాను. ట్రెంచ్‌లో ఒక పొర నుంచి మట్టి తీస్తాం, లీటర్లలో కొలిచి రాసుకుంటాం. దాన్ని బకెట్ నీళ్ళలో పోసి చేత్తో మెల్లగా కలుపుతాం. మట్టి అడుక్కి పోతుంది, మాడి బొగ్గైన గింజ తేలికగా ఉంటుంది కాబట్టి పైకి వస్తుంది. ఆ పైనీళ్ళను సన్నటి గుడ్డలోకి వంచుతాం. ఆ గుడ్డను మూటకట్టి, చీటీ కట్టి, నీడలో తీగకు వేలాడదీస్తాం. ఎండలో పెట్టావా, గింజ పగిలిపోతుంది. దీన్నే ఫ్లోటేషన్ అంటారు. యంత్రాలు కూడా ఉన్నాయి కానీ నేను చేసిన పనిలో ఎక్కువ భాగం రెండు బకెట్లు, ఒక చిఫాన్ గుడ్డతోనే అయింది.

దక్షిణ దక్కన్‌లో కొత్తరాతియుగం జనం ఏం తిన్నారన్నది తేలింది ఈ బకెట్లతోనే. ధార్వాడ్‌లో పనిచేసిన రవి కొరిశెట్టర్ గారు, లండన్ నుంచి డోరియన్ ఫుల్లర్ కలిసి బళ్ళారి దగ్గర సంగనకల్లులో, కడప జిల్లా హనుమంతరావుపేటలో, ఇంకా చాలా చోట్ల మట్టి తేల్చారు. పదేపదే వచ్చినవి ఏంటో తెలుసా? అండుకొర్రలు, ఉలవలు, పెసలు. వరి కాదు, గోధుమ కూడా అరుదే. నాలుగువేల ఏళ్ళ కిందట మన మెట్టనేల మీద మొదట పంటలు వేసినవాళ్ళ తిండి అది. మా జేజి అండుకొర్రల అన్నం గురించి చెప్తుంటే పేదరికం కథ అనుకునేదాన్ని. మైక్రోస్కోప్ కింద ఆ గింజను మొదటిసారి చూసిన రోజు ఏడ్చేశాను.

ఇక చదువు. పుణె డెక్కన్ కాలేజీలో ఎమ్మే ఆర్కియాలజీకి ఏ సబ్జెక్టు వాళ్ళయినా రావచ్చు. మొక్కలకూ జంతువుల ఎముకలకూ విడివిడిగా ల్యాబ్‌లున్నాయి. లక్నో బీర్బల్ సాహ్ని సంస్థలో పుప్పొడి, మాడిన గింజలు, రేడియోకార్బన్ (కార్బన్ కొలిచి వయసు కట్టే పద్ధతి) అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. బోటనీ వాళ్ళకి అదే సరైన ఇల్లు అని నా నమ్మకం. లైఫ్ సైన్సెస్‌లో సీఎస్ఐఆర్ నెట్ రాసి ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీకి తలుపు తీస్తారు. ఉస్మానియా, తిరుపతి ఎస్వీ, నాగార్జున విశ్వవిద్యాలయాల్లో పురావస్తు విభాగాలున్నాయి. పురావస్తు శాస్త్రం పునాది అక్కడ వస్తుంది కానీ ల్యాబ్ కోసం బయటికి పోక తప్పదు.

చీకటి_గది
సోమవారం, ఉదయం 6:55

నాది ల్యుమినిసెన్స్ డేటింగ్. ఇసుక రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో కొలవడం. మట్టిలో కప్పుకుపోయాక చుట్టూ ఉన్న రేడియేషన్ వల్ల రేణువులో శక్తి పోగవుతుంది. ల్యాబ్‌లో వెలుగు తగిలించగానే ఆ శక్తి కాంతిగా బయటికొస్తుంది, దాన్నిబట్టి వయసు కడతాం. అందుకే శాంపిల్‌ను ఇనప పైపు ట్రెంచ్ గోడలోకి కొట్టి తీసి, రెండు చివర్లూ నల్ల ప్లాస్టిక్‌తో బిగించి, ఎర్రలైటు గదిలోనే విప్పుతాం.

నీ జ్వాలాపురం మాకు పాఠం లాంటిది చెల్లీ. 2007లో సైన్స్ పత్రికలో కొరిశెట్టర్, పెట్రాగ్లియా బృందం వేసిన పేపర్లో బూడిద కింది పొరకు 77,000, పైపొరకు 74,000 ఏళ్ళు అని వచ్చింది ఈ పద్ధతిలోనే. రెండింటిలోనూ ఒకేలాంటి రాతి పనిముట్లు. అంత పెద్ద పేలుడు జరిగినా అక్కడి మనుషులు తుడిచిపెట్టుకుపోలేదని వాళ్ళ వాదన.

ఇక మన దేశంలో ఈ పని ఎలా ఉంటుందో నా సొంత గాయం ఒకటి చెప్తాను. ఒక తవ్వకం నుంచి తొమ్మిది పైపులు తీశాం. మండుటెండలో, నల్లదుప్పటి కప్పుకుని, ఒక్కో పైపుకు గంట. కొరియర్‌లో పంపాం. పెట్టె మీద ఎర్రసిరాతో రెండు భాషల్లో తెరవొద్దని రాశాం. దారిలో ఎవరో అనుమానంతో ఆరు పైపుల మూతలు తీసి, మట్టి ట్రేలో కుమ్మరించి చూసి, మళ్ళీ జాగ్రత్తగా పోసి పంపారు. ఎంత మర్యాదగా టేపు వేశారో! కొన్ని నిమిషాల ఎండతో వేల ఏళ్ళ లెక్క సున్నా అయిపోయింది. ఆ సీజన్ అయిపోయింది, ఆ గోడ పూడ్చేశారు. అప్పటినుంచి నా పైపులు నాతోపాటే రైలెక్కుతాయి, నేను పడుకుంటే తలకింద ఉంటాయి.

టెన్షన్ ఇలాంటి చోట ఉంటుంది. పుస్తకంలో ఉన్న పద్ధతి ఎవరైనా నేర్చుకోవచ్చు. కరెంటు పోయినప్పుడు, డిటెక్టర్‌కు ద్రవ నైట్రోజన్ రానప్పుడు, ఒక చిన్న పార్ట్ కోసం ఎనిమిది నెలలు ఎదురుచూస్తున్నప్పుడు పని ఆగకుండా చూసుకోవడం అసలు నేర్పు. శిక్షణకు ఎక్కడికి పోయినా అక్కడి యంత్రాన్ని విప్పి మళ్ళీ బిగించడం నేర్చుకో. మా ల్యాబ్‌లో నన్ను నిలబెట్టింది అదే.

మాజీ_ట్రెంచ్
సోమవారం, మధ్యాహ్నం 1:30

ఎవరూ డబ్బు సంగతి రాయట్లేదు, నేను రాస్తాను. పిల్ల వాళ్ళ నాయన అడిగింది సరైన ప్రశ్న.

నేను ఏడేళ్ళు చేసి మానేశాను. సుధ చెప్పిన నెట్ ఫెలోషిప్, అదే జేఆర్ఎఫ్, వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000. అది నెలనెలా రాదు. నాకు ఒకసారి పదకొండు నెలలు ఆగి వచ్చింది. ఆ పదకొండు నెలలూ మా ఆవిడ జీతంతో ఇల్లు నడిచింది. పీహెచ్‌డీ అయ్యాక ప్రాజెక్టు ఉద్యోగాలు, ఏడాదికోసారి రెన్యువల్. పర్మనెంట్ పోస్టులు దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. పురావస్తు శాఖలో సైన్స్ విభాగం డెహ్రాడూన్‌లో ఉంది. దాన్ని 1917లో మొదలుపెట్టారు, వందేళ్ళు దాటింది. కానీ అక్కడ కెమిస్టుల పని ఎక్కువగా కట్టడాలు, విగ్రహాలు పాడవకుండా చూడటం. గింజలు చూసేవాళ్ళ కోసం నోటిఫికేషన్ పడటం నేను చూడలేదు.

గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ రెండేళ్ళ డిప్లొమా ఉంది. దానికి ఆర్కియాలజీ, ప్రాచీన చరిత్ర, ఆంత్రోపాలజీ, ప్రాచీన భాషల ఎమ్మేలూ, జియాలజీ వాళ్ళూ అర్హులు. కాబట్టి చెల్లీ, బోటనీ డిగ్రీ ఒక్కటే పట్టుకుని పోతే కొన్ని తలుపులు మూసే ఉంటాయి. పక్కన ఎమ్మే ఆర్కియాలజీ చెయ్యి. యూజీసీ నెట్ పరీక్షలో ఆర్కియాలజీ విడి సబ్జెక్టుగా ఉంది, అదీ రాయి.

పని మీద నాకు కోపం లేదు. ఇప్పటికీ వానాకాలం దుక్కి దున్నిన చేను కనబడితే బండి ఆపి పెంకులు ఏరతాను.

యాగంటి_పిల్ల
సోమవారం, రాత్రి 8:05

అందరికీ చాలా థాంక్స్. మాజీ_ట్రెంచ్ అన్నా, మీ పోస్టు మా నాయనకు చదివి వినిపించాను. "ఈయన నిజం చెప్తున్నాడు" అన్నాడు. తర్వాత సుధక్క పోస్టు కూడా చదవమన్నాడు. అండుకొర్రల దగ్గర ఆపి, మా అబ్బ కాలంలో చెల్క మీద అవే వేసేవాళ్ళమని చెప్పాడు.

ఎమ్మే కూడా చేస్తే ఇంకో రెండేళ్ళు. అది ఆలోచించాలి. విదేశంలో స్కాలర్‌షిప్‌లు ఏమైనా ఉన్నాయా? అక్కడికి పోయినవాళ్ళు తిరిగొస్తారా?

నైరోబీ_నాగేశ్
మంగళవారం, ఉదయం 10:20

తిరిగి రాకపోయినా ఇంకో పేదదేశానికి వచ్చినవాడిని నేను. గుంటూరోణ్ణి, చదివింది జియాలజీ, ఆరేళ్ళుగా కెన్యాలో తవ్వకాల బృందాలతో మట్టిపొరల పని చేస్తున్నాను.

స్కాలర్‌షిప్‌లు ఉన్నాయమ్మా. ఆర్క్‌మాట్ అని యూరప్ వాళ్ళ ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్ ఉంది, పోర్చుగల్‌లో ఎవోరా, ఇటలీలో రోమ్, గ్రీసులో థెస్సలొనీకి విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి. అది పురావస్తు పదార్థాల సైన్స్. బ్రిటన్‌కు కామన్వెల్త్ స్కాలర్‌షిప్ ఉంది, చదువయ్యాక స్వదేశం తిరిగి వెళ్ళాలన్న షరతుతో ఇస్తారు. నాకు ఆ షరతు నచ్చుతుంది.

ఇక్కడి సంగతి చెప్తాను, మనకి పనికొస్తుంది. కెన్యాలో తవ్వాలంటే పరిశోధనల లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ అనుమతి, నేషనల్ మ్యూజియమ్స్ ఆఫ్ కెన్యాతో అనుబంధం రెండూ కావాలి. దొరికిందంతా మ్యూజియం సొత్తు. విశ్లేషణ కోసం బయటికి పంపాలంటే వేరే అనుమతి. ఖండం మొత్తానికి రేడియోకార్బన్ కొలిచే ఏఎంఎస్ యంత్రం జోహన్నెస్‌బర్గ్‌లో ఐతెంబా ల్యాబ్స్‌లో ఒక్కటే. ఈజిప్టు శాంపిళ్ళను దేశం దాటనివ్వదు, అందుకే కైరోలోని ఫ్రెంచి సంస్థలోనే రేడియోకార్బన్ ల్యాబ్ పెట్టుకున్నారు. ఒక్కో దేశం ఒక్కోలా తంటాలు పడుతోంది.

చెల్లెలు బోటనీ కాబట్టి ఇంకో మాట. మన రాగులు పుట్టింది ఇక్కడే, తూర్పు ఆఫ్రికా ఎత్తునేలల్లో. మన దేశంలో ఫలానా చోట నాలుగువేల ఏళ్ళనాటి రాగులు దొరికాయని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఫుల్లర్ వాటిని మళ్ళీ పరిశీలించి, చాలావరకు వేరే చిరుధాన్యాలను రాగులని పొరబడ్డారని రాశారు. ఇక్కడేమో పశ్చిమ కెన్యాలో కకపేల్ అనే రాతిగుహలో మట్టి తేలిస్తే 2,300 ఏళ్ళనాటి అలసందలు, దాదాపు వెయ్యేళ్ళ నాటి రాగులు దొరికాయి. 2024లో పేపర్ వచ్చింది. నేషనల్ మ్యూజియమ్స్‌లో పనిచేసే ఎమ్మాన్యుయెల్ ఎన్డియెమా గారు అందులో ముఖ్యుడు. పుట్టింట్లోనే ఈ గింజ పాత ఆనవాళ్ళు ఇంకా వెతకాలంటే ఎంత పని మిగిలిందో చూడు. రాగిసంకటి తిని పెరిగినవాళ్ళు ఈ గింజను వెతకాలి.

ఇనపచిట్టెం
మంగళవారం, రాత్రి 9:48

నాగేశ్ అన్నా, శాంపిల్ దాటనివ్వని దేశాల పద్ధతే మంచిదని నాకనిపిస్తది. తమిళనాడుల కీళడి తవ్వకం మీద అంత పేరొచ్చింది, ఆ క్రీ.పూ. 580 తేదీ ఎక్కడ కట్టిన్రు? అమెరికాలోని ల్యాబ్‌ల. అక్కడిదే శివకళై తవ్వకంల దొరికిన వడ్లకు క్రీ.పూ. 1155 అని వచ్చింది కూడా అమెరికా నుంచే. మేం ఒక్క శాంపిల్ పంపితే అర లక్ష అయింది. ఆ పైసలతోని ఊర్ల పది మందికి నెలరోజుల పని ఇయ్యొచ్చు. మన దగ్గర ల్యాబ్‌లు లేవా?

చీకటి_గది
మంగళవారం, రాత్రి 10:30

ఉన్నాయి తమ్ముడూ. ఢిల్లీ ఐయూఏసీలో ఏఎంఎస్ ఉంది, భువనేశ్వర్‌లో ఉంది, అహ్మదాబాద్ పీఆర్ఎల్, లక్నో ఉన్నాయి. తమిళనాడు ఇనుము మీద 2025 జనవరిలో నివేదిక తెచ్చినప్పుడు అమెరికా ల్యాబ్‌తో పాటు పీఆర్ఎల్‌కూ లక్నోకూ శాంపిళ్ళు పంపింది. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో దొరికిన రాతి పనిముట్లకు 3,85,000 ఏళ్ళ తేదీ కట్టింది పీఆర్ఎల్ వాళ్ళే, అది 2018లో నేచర్‌లో వచ్చింది. చెన్నైలో శాంతి పప్పు గారి బృందం, మన ల్యాబ్. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

కానీ పంపొద్దు అనే మాటతో నేను ఏకీభవించను. హర్యానాలోని సింధు నాగరికత నాటి రాఖీగఢీలో 61 ఎముకల శాంపిళ్ళు పరీక్షిస్తే ఒక్క మనిషి నుంచే పనికొచ్చే డీఎన్ఏ వచ్చింది. మన ఎండలకు డీఎన్ఏ నిలవదు. ఆ ఒక్కదాన్ని రాబట్టడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ హార్వర్డ్ వాళ్ళూ కలిసి పనిచేయాల్సి వచ్చింది. ఒకరి ల్యాబ్ తేదీని ఇంకొకరు సరిచూస్తేనే నమ్మకం. నేను అడిగేది ఒకటే, మన పిల్లలు శాంపిల్‌తో పాటు వెళ్ళాలి. ఎముకను పొట్లం కట్టి పంపి, రిపోర్టు కోసం కూర్చుంటే మనం తవ్విపెట్టే కూలీలం అవుతాం.

ఇనపచిట్టెం
మంగళవారం, రాత్రి 11:15

శాంపిల్‌తోని మనిషి పోవాలె, ఇది ఒప్పుకుంటున్న. మా దగ్గర అట్లనే జరిగింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దమస్కస్ కత్తులకు ఉక్కు పంపిన ఊరు. పర్షియా వర్తకులు అక్కడిదాక వచ్చి కొనేవాళ్ళని 1820లల్ల చూసిన వాయిసీ అనే ఇంగ్లీషాయన రాసిపెట్టిండు. 2010ల ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు నియాస్ కలిసి ఉత్తర తెలంగాణ అంతా సర్వే చేసినప్పుడు మన జైకిషన్ సార్ ఊరూరా తిరిగి చిట్టెం (ఇనుము తీసినంక మిగిలే తుక్కు) కుప్పలు చూపించిండు. ఆయన ఏండ్ల తరబడి కాలినడకన పోగేసిన ఎరుక లేకపోతే ఏ యంత్రం ఏం చేస్తది?

యాగంటి చెల్లె, నీకు పనికొచ్చే ముచ్చట: ఆ ఉక్కు కరిగించే మూసలు చేసేతందుకు కలిపిన బంకమట్టిల వడ్ల ఊక ఉంటది. పగిలిన మూస పెంకు తిప్పి చూస్తే ఊక ఆకారం అచ్చుగుద్దినట్టు కనవడ్తది. ఊక ఎందుకు కలిపిన్రో మా లోహం వాళ్ళకు తెలుసు. అది ఏ వడ్లో చెప్పేతందుకు బోటనీ వాళ్ళు కావాలె. మా ల్యాబ్‌ల ఒక్కరు లేరు.

గద్వాల_మాస్టారు
బుధవారం, ఉదయం 7:10

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాదు, రిటైర్డ్ సోషల్ టీచర్ని. మా వైపు ఉట్నూరు బూడిదదిబ్బ సంగతి పిల్లలకు చెప్పేవాణ్ణి. ఇలాంటి దిబ్బలను బళ్ళారి దగ్గర హిడింబాసురుణ్ణి భీముడు చంపి కాల్చిన చితి అని చెప్పుకునేవారు. దొరలు కొందరు అగ్నిపర్వతం అన్నారు, కొందరు ఇనుము కరిగించిన చోటు అన్నారు. 1957లో ఆల్చిన్ గారు ఉట్నూరులో తవ్వితే బూడిద పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. జోయ్‌నర్ గారు ఇలాంటి దిబ్బల బూడిదను ల్యాబ్‌లో పరీక్షించి ఆవుపేడ కాలిన బూడిద అని తేల్చారు. పశువుల దొడ్లలో పేడ పోగేసి మళ్ళీ మళ్ళీ కాల్చిన చోట్లవి.

మా ఊళ్ళో రైతులు పాటిదిబ్బ మట్టిని చేలకు తోలుకుంటారు, బలం అని. ఇరవై ఏళ్ళలో మా కళ్ళముందే ఒక దిబ్బ సగమైపోయింది. ఎరువు కోసం తోలుకునే రైతును నేను తప్పు పట్టలేను. కానీ తోలేముందు ఒక్క బకెట్ మట్టి తీసి తేల్చి చూసే మనిషి జిల్లాకు ఒక్కరైనా ఉండాలని నా కోరిక. అమ్మాయీ, నువ్వు ఆ ఒక్కరివి కావాలమ్మా.

మాజీ_ట్రెంచ్
బుధవారం, మధ్యాహ్నం 2:02

మాస్టారూ, మీ మాట నన్ను పట్టేసింది. నేను మానేశాక కూడా నా దగ్గర మూడు అట్టపెట్టెల గింజలు ఉన్నాయి. ఆధునిక గింజలు, నేనే ఊళ్ళు తిరిగి పోగేసినవి: నలభైకి పైగా చిరుధాన్యాలు, పప్పులు, కలుపు గింజలు. పాత గింజను గుర్తుపట్టాలంటే పక్కన పోల్చుకోవడానికి కొత్త గింజ మాడ్చి పెట్టుకోవాలి. అట్లాస్ పుస్తకాలు ఎక్కువగా యూరప్ మొక్కలవే, మన అండుకొర్రకూ సామకూ తేడా వాటిలో దొరకదు. ఒక సామ రకం ఏదో తెలియక రెండు నెలలు కొట్టుకుంటే, తవ్వకంలో మట్టి మోసే ఒక అవ్వ చేటలో పోసి ఒకసారి చెరిగి, పొట్టు మీద గీతలు చూసి పేరు చెప్పింది. ఆ అవ్వ పేరు నా నోట్‌బుక్‌లో ఉంది. అచ్చయిన పేపర్లో మాత్రం లేదు. అది నా తప్పు.

పిల్లా, ఆ పెట్టెలు నీకు పంపిస్తాను. మెసేజ్ పెట్టు.

సంగనకల్లు_సుధ
బుధవారం, రాత్రి 9:30

అన్నా, మీరు ఇది మానేశారంటే ఎవరు నమ్ముతారు.

చెల్లీ, పెట్టెలు వచ్చేలోపు ఒక పని చెయ్యి. మీ ఇంట్లో ఉన్న పెసలు, మినుములు, ఉలవలు, కొర్రలు తలా ఇరవై గింజలు తీసుకో. అల్యూమినియం ఫాయిల్‌లో ఇసుకతో కలిపి చుట్టి, మీ డిపార్ట్‌మెంట్ ఫర్నేస్‌లో 250 డిగ్రీల దగ్గర పెట్టు. రెండు గంటలు, నాలుగు గంటలు, విడివిడిగా. మాడాక కొలతలు తీసుకో. ఏది ఎంత ఉబ్బింది, ఏది పగిలింది, పొట్టు దేనికి ఊడింది, అన్నీ రాయి. పెసర, మినుము మాడిపోతే పైనుంచి ఒకేలా కనిపిస్తాయి. బద్ద విప్పి లోపలి మొలక పొడవు చూస్తే తేడా తెలుస్తుంది. నా గురువు నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే.

యాగంటి_పిల్ల
ఆదివారం, సాయంత్రం 6:40

వారం తర్వాత వచ్చాను, క్షమించండి. ఫర్నేస్ అడిగితే ముందు ఇవ్వలేదు. మా మేడమ్‌కు ఈ చర్చ మొత్తం చూపిస్తే తాళం ఇచ్చి, తను కూడా వచ్చి కూర్చున్నారు.

పెసలు నాలుగు గంటలకు పొట్టు మొత్తం వదిలేశాయి. ఉలవలు గట్టివి, ఇరవైలో పదిహేడు నిండుగా ఉన్నాయి. కొర్రలు మూడు పేలాల్లా విచ్చుకున్నాయి, వేడి ఒక్కసారి ఎక్కించినందుకేమో. సుధక్కా, పెసర బద్దలో మొలక గుర్తు కనిపించింది కానీ మినుములో రెండింటికి అస్సలు కనిపించలేదు. ఫోటోలు మెసేజ్‌లో పెట్టాను. బద్దను ఎటువైపు వెలుగు పెట్టి చూడాలి?

మాజీ_ట్రెంచ్ అన్నా, పెట్టెలు శనివారం అందాయి. మూడో పెట్టెలో 27వ నంబర్ సీసా చీటీ చెరిగిపోయింది. మా అబ్బ చూసి ఊదర గింజ అంటున్నాడు. మీ నోట్‌బుక్‌లో ఒకసారి చూసి చెప్తారా?